తారీఖులే కాదు, తీర్పులూ గుర్తుంచుకోవాలి

(2025 ఆగస్టు 21న గోదావరిఖనిలో మగ్రిబ్ నమాజు అనంతరం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీలో కొందరు రాత్రి షిఫ్టుకు వెళ్లవలసినవారు. తల్లులు పిల్లలను ఇంట్లో వదిలి వచ్చారు. అందుచేత ఉపోద్ఘాతం పెంచకుండా విషయంలోకి వస్తాను.

ఈరోజు ఆగస్టు 21. ఉగ్రవాద బాధితులను స్మరించుకునే అంతర్జాతీయ దినం. 2017 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ చేసిన తీర్మానం ప్రకారం 2018 నుంచి ప్రపంచమంతటా పాటిస్తున్నారు. మన చౌరస్తాలో దీని గురించి ఒక్క బ్యానరు కూడా కనిపించదు. మన మసీదులలోనూ ప్రస్తావన ఉండదు. ఉగ్రవాదం అన్న మాట చెవిన పడగానే మనం తల దించుకుని పక్కకు తప్పుకోవడం అలవాటు చేసుకున్నాము. ఆ మాట మన మీద మోపే నింద అనుకుంటున్నామే తప్ప, దాని బాధితులలో మనమూ ఉన్నామన్న సంగతి మరచిపోయాము. ఈ నాలుగు రోజులు గడిస్తే ఆగస్టు 25 వస్తుంది. హైదరాబాదులో గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లు జరిగి 18 సంవత్సరాలు నిండుతాయి. ఈ రెండు తారీఖుల నడుమ నిలబడి నేను మీకు ఒక రిజిస్టరు గురించి చెప్పదలచుకున్నాను.

రిజిస్టరు ఎందుకు మొదలైంది

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. వచ్చిన కాగితాన్ని ఇన్‌వర్డులో ఎక్కించడం, పోయిన కాగితాన్ని అవుట్‌వర్డులో ఎక్కించడం, ఫైలు ఎక్కడ ఆగిందో చూడడం నా జీవితకాలపు పని. ఆ అలవాటుతోనే ఉగ్రవాద ఘటనలకు ఒక పొడవాటి రిజిస్టరు పెట్టుకున్నాను. అందులో ఆరు గడులు. తారీఖు, స్థలం, మృతులు, మొదటి రోజు నింద ఎవరి మీద పడింది, కోర్టు ఏమి తేల్చింది, దానికి ఎన్నేళ్లు పట్టింది.

ఆ రిజిస్టరు మొదలుపెట్టింది గొప్ప ఆలోచనతో కాదు. సిగ్గుతో మొదలుపెట్టాను. ఈ మాట ఇంతవరకు బహిరంగంగా చెప్పలేదు.

2007 వేసవిలో మక్కా మసీదు పేలుడు జరిగిన కొన్ని వారాలకు, మా వీధిలోని ఒక ఆపా రాత్రి పూట మా ఇంటికి వచ్చింది. ఆమె కొడుకు హైదరాబాదులో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. ఎవరో వచ్చి పిలుచుకుపోయారట. ఎవరు, ఎక్కడికి అన్నది తెలియదు. చేతికి కాగితం ఇవ్వలేదు. ఆమె గడప దగ్గరే నిలబడి, "భాయ్, నువ్వు సర్కారు ఆఫీసుల రాసేటోడివి. నాకొక దరఖాస్తు రాసియ్యి. నా కొడుకు యాడున్నడో చెప్పుమని రాయి, ఇంకేం వద్దు" అన్నది.

నేను రాయలేదు. "రెండు రోజులు చూద్దాం ఆపా, వాడే వస్తాడు" అన్నాను. నా ఉద్యోగం గురించి భయపడ్డాను. దరఖాస్తు మీద నా దస్తూరీ ఎవరైనా గుర్తుపడితే ఏమవుతుందోనని భయపడ్డాను. ముప్పై ఏళ్లుగా ఊరందరికీ పింఛను దరఖాస్తులు, రేషన్‌కార్డు దరఖాస్తులు రాసిపెట్టిన చేయి ఆ రాత్రి కలం పట్టలేదు.

తొమ్మిది రోజుల తరువాత ఆ అబ్బాయి తిరిగివచ్చాడు. అతని మీద కేసు లేదు, అభియోగం లేదు. అయినా దుకాణం యజమాని మళ్లీ పనిలో పెట్టుకోలేదు. కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఏడాది తిరగకముందే సౌదీ వెళ్లిపోయాడు. ఆ ఆపా నాలుగేళ్ల క్రితం అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. జనాజాకు వెళ్లినప్పుడు ఆ అబ్బాయి ఫోనులో ఏడుస్తున్నాడు. నేను అతనితో మాట్లాడలేకపోయాను.

ఆ రాత్రి రాయని దరఖాస్తుకు బదులుగానే ఈ రిజిస్టరు రాస్తున్నాను.

మక్కా మసీదు పుట

మొదటి పుట 2007 మే 18. శుక్రవారం. జుమా నమాజు వేళ, మక్కా మసీదు ఆవరణలో వుజూ చేసుకునే చోటుకు దగ్గరలో బాంబు పేలింది. తొమ్మిదిమంది మరణించారు. పేలని బాంబులు కూడా దొరికాయి. ఆ తరువాత బయట ఆందోళనకు దిగిన జనం మీద పోలీసులు జరిపిన కాల్పులలో మరో ఐదుగురు చనిపోయారు. నమాజుకు వెళ్లినవారు బాంబుకు బలైతే, దుఃఖంతో వీధిలోకి వచ్చినవారు తూటాకు బలయ్యారు.

నాలుగో గడిలో, అంటే మొదటి రోజు నింద ఎవరి మీద పడిందన్న చోట, నేను రాసుకున్నది ఇది: మసీదులో నమాజు చేస్తున్నవారు చనిపోతే, చంపింది కూడా ముస్లిములేనన్నారు. పదుల సంఖ్యలో యువకులను పట్టుకుపోయారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది జైలుకు వెళ్లి వారిని కలిసి, హింస జరిగిందని నివేదిక ఇచ్చారు. ఆ యువకుల మీద పెట్టిన కేసులు కోర్టులో నిలబడలేదు.

దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. 2010లో దిశ మారింది. హిందుత్వ బృందానికి చెందినవారు అరెస్టయ్యారు. స్వామి అసీమానంద్ మేజిస్ట్రేటు ఎదుట వాంగ్మూలం ఇచ్చి, తరువాత దానిని ఉపసంహరించుకున్నారు. 2011లో కేసు ఎన్ఐఏ చేతికి వచ్చింది. మన రాష్ట్ర ప్రభుత్వం, జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసు మేరకు, అన్యాయంగా వేధింపులకు గురైన డెబ్బైమంది యువకులకు నష్టపరిహారం ప్రకటించింది. ఇరవైమందికి మూడేసి లక్షలు, యాభైమందికి ఇరవై వేల చొప్పున. సొమ్ముతో పాటు నడవడి ధ్రువపత్రాలు కూడా ఇచ్చారు. నిర్దోషికి ప్రభుత్వమే నడవడి పత్రం ఇవ్వవలసి వచ్చిందంటే, ఆ నడవడి మీద బురద ఎవరు చల్లారో ప్రభుత్వానికి తెలుసునన్న మాట. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వులను కొట్టివేసింది.

ఇక ఐదో గడి. 2018 ఏప్రిల్ 16న హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ సాక్ష్యాధారాలు చాలవని నిర్దోషులుగా విడిచిపెట్టింది. 226 మంది సాక్షులను విచారిస్తే, అరవైమందికి పైగా మాట మార్చారు. తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి అదే రోజు రాజీనామా లేఖ ఇచ్చారు.

ఆరో గడిలో పదకొండేళ్లు అని రాశాను. కాని ఐదో గడిని ఎలా నింపాలో నాకు తోచలేదు. మొదట పట్టుకున్నవారు చేయలేదు. తరువాత పట్టుకున్నవారు చేశారని రుజువు కాలేదు. తొమ్మిది ప్రాణాలు పోయాయి. ఎవరు తీశారన్న ప్రశ్నకు ఈ దేశపు న్యాయవ్యవస్థ దగ్గర ఈనాటికీ జవాబు లేదు. మే 18 వస్తే పాతబస్తీలో పోలీసు బందోబస్తు పెరుగుతుంది. ఆ ప్రశ్న మాత్రం ఎక్కడా వినిపించదు.

రెండవ పుట చింపివేయవచ్చా?

పోయిన నెల ఒక కాలేజీ విద్యార్థి నా దగ్గర కూర్చుని రిజిస్టరు తిరగేశాడు. "మామా, మక్కా మసీదు రాసినవు, మంచిదే. గోకుల్ చాట్ ఎందుకు రాసినవు? అది మనకు వ్యతిరేకం గద" అన్నాడు.

తెలివైన పిల్లవాడే. అందుకే ఆ ప్రశ్నకు మీ అందరి ముందు జవాబు చెబుతున్నాను.

2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం. కోఠీలో చాట్ తింటున్నవారు, లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తున్నవారు. నలభైమందికి పైగా చనిపోయారు. వారిలో మహారాష్ట్ర నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజినీరింగు విద్యార్థులు ఉన్నారు. 2018 సెప్టెంబరులో కోర్టు ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవ శిక్ష విధించింది. ఇద్దరిని నిర్దోషులుగా వదిలింది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ల మీద పెట్టిన బాంబులకు 18 మంది బలయ్యారు. ఐదుగురికి విధించిన మరణశిక్షను ఈ సంవత్సరం ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ధ్రువీకరించింది.

ఈ శిక్షలు పడినవారి పేర్లు ముస్లిం పేర్లు. అది దాచితే దాగదు, దాచవలసిన అవసరం కూడా లేదు. ఒక నిరపరాధిని చంపడం సమస్త మానవాళిని చంపడంతో సమానమని దివ్య ఖుర్ఆన్ అల్‌మాయిదా సూరాలో చెప్పింది. చచ్చిపోయినవాడి మతాన్ని బట్టి ఆ వాక్యం అర్థం మారదు. న్యాయానికి సాక్షులుగా నిలబడమని, అది మీకు, మీ తల్లిదండ్రులకు, మీ బంధువులకు వ్యతిరేకమైనా సరే వెనుకాడవద్దని అన్‌నిసా సూరాలో ఆజ్ఞ ఉంది. ఆ ఆజ్ఞను పాటించవలసిన సందర్భం ఇదే.

రెండో పుట చింపితే మొదటి పుట విలువ కూడా పోతుంది. మక్కా మసీదు మృతుల కోసం మనం న్యాయం అడిగినప్పుడు ఎదుటివాడు, "మరి గోకుల్ చాట్?" అంటాడు. అప్పుడు తల తిప్పుకోకుండా, "అదీ రాసే ఉంది, చూడు. ఆ కుటుంబాల కోసం కూడా దుఆ చేస్తున్నాం" అని చెప్పగలగాలి. అలా చెప్పగలిగినవాడి మాటకే బరువు ఉంటుంది.

ఇంకో మాట. మక్కా మసీదు పేలుడులోనూ, దిల్‌సుఖ్‌నగర్ పేలుడులోనూ గాయపడిన ముస్లిం యువకుడు ఒకరు ఉన్నారు. రెండుసార్లు బాంబు దెబ్బ తిన్న మనిషి. రెండవసారి ఆసుపత్రి మంచం మీద ఉండగా, ఇతను రెండు చోట్లా ఎందుకున్నాడని అనుమానంగా మాట్లాడిన చానళ్లు ఉన్నాయి. పేలుడుకు మతం అక్కరలేదు, ఎవరు ఎదురుగా ఉంటే వారే బలవుతారు. బాధితుణ్ణి బాధితుడిగా చూడడానికే మనుషులకు మతం అడ్డు వస్తోంది.

పది రోజుల వ్యవధిలో రెండు తీర్పులు

గత నెల సంగతి చూడండి. జూలై 21న బొంబాయి హైకోర్టు 2006 జూలై 11 నాటి ముంబయి రైలు పేలుళ్ల కేసులో శిక్షపడిన పన్నెండుమందినీ నిర్దోషులని ప్రకటించింది. ఆ పేలుళ్లలో 189 మంది చనిపోయారు. 2015లో కింది కోర్టు వీరిలో ఐదుగురికి మరణశిక్ష, ఏడుగురికి యావజ్జీవం వేసింది. పంతొమ్మిదేళ్ల తరువాత ఆరోపణ రుజువు కాలేదన్నారు. ఆ పన్నెండుమందిలో ఒకరు 2021లోనే జైలులో చనిపోయారు. నిర్దోషి అన్న మాట వినడానికి ఆయన లేరు.

సరిగ్గా పది రోజులకు, జూలై 31న, 2008 సెప్టెంబరు 29 నాటి మాలేగావ్ పేలుడు కేసులో ఏడుగురు నిందితులనూ ప్రత్యేక కోర్టు విడిచిపెట్టింది. అక్కడ చనిపోయినవారు ఆరుగురు. రంజాను నెలలో జరిగిన ఘటన అది.

మొదటి తీర్పు రాగానే మన ఫోన్లలో సంతోష సందేశాలు నిండిపోయాయి. రెండవ తీర్పు రాగానే శాపనార్థాలు నిండిపోయాయి. అవతలివారి ఫోన్లలో సరిగ్గా దీనికి తలకిందులుగా జరిగింది. నేను రిజిస్టరులో రెండు పుటలూ పక్కపక్కనే పెట్టుకుని చూశాను. రెండింటిలోనూ ఐదో గడి ఒకటే: ఎవరు చేశారో తేలలేదు. 189 మంది కుటుంబాలకు, ఆరుగురి కుటుంబాలకు అందిన సమాధానం ఒకటే.

మొదటి తీర్పు మీద మహారాష్ట్ర ప్రభుత్వం రోజుల వ్యవధిలోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. విడుదలైనవారు తిరిగి జైలుకు పోనక్కరలేదు గాని, ఆ తీర్పును ఇతర కేసులకు ఉదాహరణగా తీసుకోరాదని సుప్రీంకోర్టు జూలై 24న చెప్పింది. ఆ తొందరే మాలేగావ్ మృతుల విషయంలోనూ చూపమని అడగడం మన హక్కు. అది గొంతెమ్మ కోరిక కాదు. రెండు శవాలకు ఒకే తూకం వేయమంటున్నాము, అంతే.

మన దర్యాప్తు సంస్థలకు కూడా ఇందులో పాఠం ఉంది. గుజరాత్‌లో 2002 నాటి అక్షర్‌ధామ్ కేసులోనూ సుప్రీంకోర్టు 2014 మే 16న ఆరుగురిని నిర్దోషులని వదిలింది. నిర్దోషిని పట్టుకుని పదేళ్లు లోపల ఉంచిన ప్రతిసారీ అసలు హంతకుడు పదేళ్లు బయట తిరుగుతాడు. ఈ నష్టం ముస్లిములది మాత్రమే కాదు, దేశమంతటిదీ.

కరీంనగర్ నుంచి క్రైస్ట్‌చర్చ్ దాకా

ప్రపంచం మాటకు వస్తే, మనకు చాలా దగ్గరగా తగిలిన పుట 2019 మార్చి 15. న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరం. జుమా రోజు రెండు మసీదులలో ఒక తెల్లజాతి దురహంకారి 51 మందిని కాల్చి చంపాడు. చనిపోయినవారిలో హైదరాబాదువారు ఉన్నారు. మన కరీంనగర్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడి, హోటలు నడుపుకుంటున్నవారు ఒకరు ఉన్నారు. సప్తసముద్రాల అవతల పేలిన తూటా మన పాత జిల్లా కేంద్రంలో ఒక ఇంటిని చీకటి చేసింది.

ఆ దేశం ఏమి చేసిందో చూడండి. ప్రధాని జసిండా ఆర్డెర్న్ హంతకుడి పేరును తన నోట పలకనని పార్లమెంటులో చెప్పారు. నెల తిరగకముందే తుపాకుల చట్టాన్ని మార్చారు. 2020 ఆగస్టులో హంతకుడికి విడుదల లేని యావజ్జీవ శిక్ష పడింది. తరువాత ఉన్నతస్థాయి విచారణ సంఘం ఒక నిజాన్ని దాచకుండా రాసింది: గూఢచార సంస్థలు తమ దృష్టినంతా తగని స్థాయిలో ఇస్లాం పేరిట జరిగే ఉగ్రవాదం మీదనే కేంద్రీకరించాయని. దృష్టిని సరిగా పంచి ఉంటే ఈ హంతకుణ్ణి ముందే పట్టుకునేవారని చెప్పలేమని కూడా అదే నిజాయితీతో రాసింది. లోపాన్ని ఒప్పుకోవడం, ఒప్పుకునేటప్పుడు అతిశయోక్తి చేయకపోవడం, రెండూ నేర్చుకోదగినవే. 2022లో ఐక్యరాజ్యసమితి మార్చి 15ను ఇస్లాం వ్యతిరేక ద్వేషాన్ని ఎదుర్కొనే దినంగా ప్రకటించింది.

ఇక నాలుగో గడి, మొదటి రోజు నింద, ప్రపంచమంతటా ఒకే రకంగా నిండుతుంది. 1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా నగరంలో ప్రభుత్వ భవనాన్ని పేల్చివేస్తే 168 మంది చనిపోయారు. ఇది అరబ్బుల పనేనని వ్యాఖ్యాతలు తొలి గంటల్లోనే చెప్పేశారు. చేసింది అమెరికా సైన్యంలో పనిచేసిన అమెరికావాడే. 2011 జూలై 22న నార్వేలో 77 మంది చనిపోయినప్పుడూ మొదటి అనుమానం మన మీదికే వచ్చింది. చేసింది ముస్లిములను ద్వేషించే నార్వేవాడు.

ఇలాగని, ఇస్లాం పేరు చెప్పుకుని చంపేవారు లేరని నేను అనను. 2014 డిసెంబరు 16న పెషావర్ సైనిక పాఠశాలలో తాలిబన్లు నూట ముప్పైమందికి పైగా పిల్లలను చంపారు. చంపినవారూ కలిమా చదివేవారే, చచ్చిపోయిన పసివాళ్లూ కలిమా చదివేవారే. ఈ ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. వారిలో విశాఖపట్నంవారు ఉన్నారు, కావలి నుంచి వెళ్లి బెంగళూరులో స్థిరపడినవారు ఉన్నారు. మతం అడిగి మరీ కాల్చారని బతికి బయటపడినవారు చెప్పారు. ఆ చోటనే, యాత్రికులను కాపాడబోయి ప్రాణం ఇచ్చిన గుర్రపువాడు ఒక కాశ్మీరీ ముస్లిం. ఈ రెండు వాక్యాలనూ ఒకే పుటలో రాశాను. ఏ ఒక్కటి వదిలినా అది అబద్ధమవుతుంది.

గని నేర్పిన పాఠం

ఈ నేల మీద పుట్టి పెరిగిన మనకు న్యాయమైన లెక్క అంటే ఏమిటో వేరే ఎవరూ నేర్పనక్కరలేదు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ మస్టరు పడుతుంది. ప్రతి మనిషికీ ఒక ల్యాంపు ఉంటుంది. షిఫ్టు అయిపోయాక ల్యాంపు రూములో ఒక్క ల్యాంపు తిరిగి రాకపోతే, ఆ మనిషి కోసం వెతుకుతారు. ఆ ల్యాంపు రహీముదా, రాజయ్యదా, జోసెఫుదా అని ఎవరూ అడగరు.

2003 జూన్ 16న మన జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజులు గుర్తున్నవారు ఈ సభలో ఉన్నారు. అప్పుడు మనం ఏమి అడిగాము? నీళ్లు ఎలా వచ్చాయి, హద్దు గోడ ఎంత మందం ఉంది, నక్షా సరిగా ఉందా, బాధ్యత ఎవరిది అని అడిగాము. గని కూలితే ముందు కారణం వెతుకుతారు, తరువాత బాధ్యుణ్ణి తేలుస్తారు. బాంబు పేలితే మాత్రం ముందు బాధ్యుణ్ణి నిర్ణయించి, తరువాత కారణం వెతుకుతున్నారు. ఈ తేడాను మనం ఒప్పుకోరాదు.

ఈ బొగ్గు బెల్టుకు అనుమానం కొత్త కాదు. నక్సలైటు ఉద్యమకాలంలో ఏ కులం, ఏ మతం అని లేకుండా ఈ బస్తీల పిల్లలు రాత్రిపూట మాయమైనారు. తెల్లవారి తల్లులు ఠాణాల చుట్టూ తిరిగారు. అందుచేత మన గోడు ఇక్కడి హిందూ సోదరులకు అర్థం కాదని అనుకోకండి. చెప్పవలసిన విధంగా చెబితే వారికే ఎక్కువగా అర్థమవుతుంది.

ఇప్పుడు చేయవలసినది

ఆవేదన వెళ్లబోసుకుని లేచిపోవడానికి మనం ఇక్కడికి రాలేదు. నాలుగు పనులు చెబుతాను.

మొదటిది, రిజిస్టరు. ప్రతి ఊరిలో ఇద్దరు విద్యావంతులు, వీలైతే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ఈ పని చేపట్టాలి. నియమం ఒకటే: ఫోనులో వచ్చిన సందేశాన్ని బట్టి ఏదీ ఎక్కించరాదు. రెండు పత్రికలలోనైనా చూడాలి, తీర్పు వస్తే తీర్పు పాఠాన్నే చదవాలి. వార్త తెచ్చినవాడి మాటను నిర్ధారించుకోనిదే నమ్మవద్దని అల్‌హుజురాత్ సూరా మనకు నేర్పింది. చిన్న అప్పునైనా పెద్ద అప్పునైనా రాసుకోవడానికి బద్ధకించవద్దని అల్‌బఖరా సూరా చెప్పింది. రూపాయి బాకీనే రాసుకోమన్న ధర్మం, ప్రాణాల బాకీని రాయకుండా వదలమంటుందా?

రెండవది, సంవత్సరీకాలు. మే 18న మక్కా మసీదు మృతుల కోసం దుఆ చేద్దాం. ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ మృతుల జ్ఞాపకార్థం రక్తదానం చేద్దాం. వచ్చే సోమవారమే ఆ తారీఖు. నినాదాలు వద్దు, ఊరేగింపు వద్దు. పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ మిత్రులను పిలుద్దాం. ఒక తారీఖును మాత్రమే పాటిస్తే అది పక్షం అవుతుంది, రెండూ పాటిస్తే అది సాక్ష్యం అవుతుంది.

మూడవది, చట్టం. ప్రతి తల్లికీ ఈ నాలుగు మాటలు నోటికి రావాలి. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేసినవారికి కారణం చెప్పాలి, ఇష్టమైన న్యాయవాదిని కలవనివ్వాలి, 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 18న ఇచ్చిన తీర్పు ప్రకారం అరెస్టు పత్రం రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, బంధువుకు కబురు అందాలి, వైద్యపరీక్ష జరగాలి. డిసెంబరు 18 మైనారిటీ హక్కుల దినం కూడా అని గుర్తుపెట్టుకోండి. నిరుడు జూలై నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 47వ సెక్షను కారణం చెప్పడం గురించి, 48వ సెక్షను బంధువులకు తెలపడం గురించి, 58వ సెక్షను 24 గంటల గడువు గురించి. కస్టడీలో ఉన్నవారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. ఫీజు లేదని ఆగనక్కరలేదు. ఉపా వంటి చట్టాల కింద చార్జిషీటుకు 180 రోజుల దాకా గడువు పొడిగించవచ్చు, బెయిలు దొరకడం కష్టం. అందుకే మొదటి రోజు కాగితమే అన్నిటికంటే ముఖ్యం. ఎవరు వచ్చారు, ఎన్ని గంటలకు, ఏ వాహనంలో, ఎవరు చూశారు అన్నది ఆ రాత్రే రాసుకోండి.

నాలుగవది మన మగపిల్లల గురించి. గాజా దృశ్యాలు, ఎక్కడో జరిగిన మూకదాడి దృశ్యాలు రోజూ వారి కళ్ల ముందు తిరుగుతున్నాయి. ఆ కోపం సహజమైనది. ఆ కోపాన్ని కొనుక్కునే వ్యాపారులు కూడా ఉన్నారు. ముఖం తెలియనివాడు ఫోనులో తీయగా మాట్లాడి, రహస్యంగా ఉంచమంటే, వాడు దీన్ నేర్పేవాడు కాదు. తండ్రులారా, రెండో షిఫ్టు నుంచి రాగానే నిద్రకు ఒరగకుండా అరగంట కొడుకుతో మాట్లాడండి. అతనికి ఈ రిజిస్టరు చూపండి. ఏ పేలుడైనా ఒక్క బాధితుడికి న్యాయం తెచ్చిందేమో, ఒక్క పుటలోనైనా ఉందేమో వెతకమనండి. దొరకదు.

సోదరులారా, ముగిస్తాను. ఇంటి ముందుకు వచ్చి దరఖాస్తు రాసిమ్మని అడిగిన ఆపాను నేను ఆ రాత్రి తిప్పి పంపాను. ఇప్పుడు నాకు ఉద్యోగం లేదు కనుక భయమూ లేదు. ఇది నా ధైర్యం గొప్ప కాదు. ఉద్యోగాలలో ఉన్న మీ గురించే అడుగుతున్నాను. రేపు మీ గడప ముందు ఏ తల్లి నిలబడినా, ఆమె ముస్లిమైనా కాకపోయినా, ఆ రాత్రే కాగితం తీయండి. "ఫలానా తారీఖున, ఫలానా గంటకు, నా కొడుకును తీసుకుపోయారు, ఎక్కడ ఉన్నాడో తెలియజేయ ప్రార్థన." ఇంత రాస్తే చాలు. కింద ఆమె వేలిముద్ర, పక్కన సాక్షిగా మీ సంతకం.

బాంబులకు, తూటాలకు, కస్టడీలకు బలైన నిరపరాధులందరి కుటుంబాలకు అల్లాహ్ సహనాన్ని ప్రసాదించుగాక. మనకు సత్యం చెప్పే నాలుకను, రాసే చేతిని ఇచ్చుగాక. ఆమీన్.

వస్సలాం.